బొట్టుతోనే జ్యూరీలో కూర్చున్నాను

రండి, ఇలా దగ్గరగా జరగండి. ఆ కుర్చీ అంత దూరం ఎందుకు, ఇటు లాక్కోండి. నా గొంతు ఇదివరకటిలా దూరం పోవడం లేదు. అదీగాక ఇది అరిచి చెప్పే కథ కాదు. కాఫీ వేడిగా ఉన్నప్పుడే తాగెయ్యండి, మళ్ళీ లేచి వెచ్చబెట్టే ఓపిక నాకు లేదు. ముందే ఒక మాట చెప్తున్నాను. ఈ కథలో ఒక గది ఉంది. దాని గుమ్మం దాకా మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. లోపలికి మాత్రం తీసుకెళ్ళను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

కిందటేడు చలి మొదలయ్యే రోజుల్లో వచ్చింది ఆ ఉత్తరం. ద పాండ్స్ అనే పేటలో మా అబ్బాయి ఇంటి వెనక నేను పెంచుకుంటున్న కరివేపాకు మొక్క ఉంది. రాత్రి మంచుకి మాడిపోతుందని దానికి పాత దుప్పటి చుడుతున్నాను. కోడలు పోస్టు డబ్బాలోంచి కాగితాలు తెచ్చి, ఒక కవరు మాత్రం విడిగా పట్టుకుని నిలబడింది.

"అత్తయ్యా, మీకు కోర్టు నుంచి లెటర్."

దుప్పటి చేతిలోంచి జారిపోయింది. మా ఇంటావంటా కోర్టు ఉత్తరం అంటే చావు కబురుతో సమానం. అది ఎందుకో కూడా చెప్తాను.

కవరు విప్పి చదివి కోడలు నవ్వేసింది. "కేసు కాదత్తయ్యా. జ్యూరీ డ్యూటీ."

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఈ దేశంలో పెద్ద నేరం కేసు వస్తే జడ్జి ఒక్కడే తేల్చెయ్యడు. ఓటర్ల జాబితాలోంచి మామూలు మనుషుల్ని పిలిచి, పన్నెండుమందిని ఏరి ఒక పక్కన కూర్చోబెడతారు. రెండు పక్షాల మాటా విని, ఆ మనిషి నేరం చేశాడా లేదా అన్నది వాళ్ళే చెప్పాలి. శిక్ష ఎంతన్నది జడ్జి చూసుకుంటాడు. ఆ ఏరే మనుషుల్లోకి రమ్మని నాకు పిలుపు. ఏడో తరగతితో బడి మానేసిన నాకు.

సాయంత్రం మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే ఉత్తరం చూసి, ఫోను తీశాడు.

"ఫైవ్ మినిట్స్ పనమ్మా. ఆన్‌లైన్‌లో ఎక్స్‌క్యూజ్ పెట్టేస్తా."

"ఏమని పెడతావు?"

"ఇంగ్లీష్ అర్థం కాదని. అది పెడితే వాళ్ళు ఇంకేం అడగరు."

"నాకు అర్థం కాదని ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మా, అది కోర్టు. లాయర్లు ఫుల్ స్పీడ్‌లో మాట్లాడతారు. నీ వల్ల కాదు."

నేను చపాతీ కర్ర పక్కన పెట్టాను. "ఒరేయ్, మీ నాన్న ఇంజనీరు పని మీద వచ్చి, మనం వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటులో ఉన్నప్పుడు, నేను ఆసుపత్రి వంటింట్లో రోగుల ట్రేలు సర్దాను. ఏ ట్రేలో ఉప్పుండకూడదో, ఏ ట్రేలో చక్కెరుండకూడదో తెలుగులో రాసి ఇచ్చారా నాకు? సిటిజెన్‌షిప్ పరీక్ష తెలుగులో రాశానా? ఓటు వెయ్యకపోతే ఫైను వేస్తారని ప్రతిసారీ నన్ను నువ్వే కారెక్కించుకుని తీసుకెళ్తావు కదా. ఓటుకి సరిపోయిన ఇంగ్లీషు దీనికి చాల్లేదా?"

"ఓటు వేరు, ఇది వేరమ్మా."

"ఎలా వేరు?"

వాడు కోడలి వైపు చూశాడు. కోడలు కుక్కరు వైపు చూసింది.

అసలు సంగతి అది కాదని నాకు తెలుసు. మా మనవరాలు రెండో తరగతి. పొద్దున జడ వేసి బడిలో దింపేదీ, మూడింటికి తెచ్చేదీ నేనే. నేను కోర్టుకి పోతే ఎవరో ఒకరు ఆఫీసులో సెలవు అడుక్కోవాలి. అది నేరుగా అనలేక నాకు ఇంగ్లీషు రాదంటున్నాడు.

"నిన్నూ పిలిచారు కదా ఆ మధ్య," అన్నాను. "నువ్వేమని పెట్టావు?"

"ఆఫీస్ నుంచి లెటర్ ఇప్పించా. ప్రాజెక్ట్ ఉందని."

"అంటే నువ్వు పనున్నవాడివి కాబట్టి వెళ్ళలేదు. నేను చేతకానిదాన్ని కాబట్టి వెళ్ళను. అంతేగా?"

"నేను అలా అనలేదమ్మా!"

"అనలేదు. రాయబోతున్నావు. నా పేరు మీద అబద్ధం రాయడానికి నీకు నేను పర్మిషన్ ఇవ్వలేదు. ఆ ఫోను అక్కడ పెట్టు."

పెట్టాడు. వాడు మంచివాడే. కాకపోతే అమ్మ అంటే ఎప్పుడూ ఇంట్లోనే ఉండే మనిషి అని అలవాటు పడిపోయాడు.

మనవరాలు హోంవర్కు వదిలేసి వచ్చింది. "నానమ్మా, విల్ యూ బి ద జడ్జ్?"

"జడ్జి కాదు తల్లీ. జడ్జికి చెప్పేవాళ్ళలో ఒకదాన్ని."

"సో యూ ఆర్ ద బాస్ ఆఫ్ ద జడ్జ్!"

నాకూ సరిగ్గా అలాగే అనిపించింది. పైకి మాత్రం అనలేదు.

ఇప్పుడు కోర్టు ఉత్తరం అంటే ఎందుకు భయమో చెప్తాను. మాది కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. నా చిన్నప్పుడు మా నాన్నకీ పక్క చేనాయనకీ గట్టు తగాదా వచ్చింది. మా ఊళ్ళో ఒకాయనుండేవాడు, ఆయనకి సాక్ష్యం చెప్పడమే బతుకుతెరువు. ఇడ్లీ, కాఫీ, పైన కొంత చేతిలో పెడితే ఎవరి తరఫునైనా ప్రమాణం చేసేవాడు. ఆయన బోనెక్కి దేవుడి మీద ప్రమాణం చేసి, ఆ గట్టు ఎప్పుడూ అక్కడే ఉందన్నాడు. జడ్జి గారికి ఆ మనిషెవరో ఏం తెలుస్తుంది? నాన్న ఓడిపోయాడు. ఆ రోజు కోర్టు వరండాలో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "మన ఊరివాళ్ళు నలుగురు ఆ జడ్జి పక్కన కూర్చుని ఉంటే, వీడి మాట నమ్మేవాళ్ళా?"

అప్పట్నుంచి మా ఇంట్లో రెండు కట్టుబాట్లు. కోర్టు మెట్లు ఎక్కకూడదు. ఒట్టు పెట్టకూడదు. నిజానికైనా సరే, ఆటకైనా సరే, ఒట్టు అన్న మాట నోట్లోంచి వస్తే అమ్మ వీపు మీద ఒకటిచ్చేది.

ఇన్నేళ్ళ తర్వాత ఇంకో దేశం పిలిచి, వచ్చి జడ్జి పక్కన కూర్చో అంటోంది. అమ్మ అడిగిన నలుగురిలో ఒకదాన్ని కమ్మంటోంది. ఇంగ్లీషు రాదని చెప్పి మానెయ్యాలా? మానెయ్యను.

మర్నాడు వాకింగ్‌లో ఈ సంగతి చెప్పాను. మా దగ్గర చెరువు చుట్టూ మంచి బాట ఉంది, సాయంత్రాలు మావాళ్ళందరం నడుస్తాం, నడిచేదానికన్నా మాట్లాడేది ఎక్కువ. నేను నోరు తెరిచానో లేదో, ఎవరి అనుభవం వాళ్ళు బయట పెట్టారు.

బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకావిడ తేల్చి పారేసింది. "నేను వెళ్ళా అక్కయ్యా. పొద్దుణ్ణించి హాల్లో కూర్చోబెట్టారు. టీవీలో ఎవరో ఇల్లు అమ్ముకుంటుంటే చూశా. అది అమ్ముడుపోయింది, నన్ను ఇంటికి పొమ్మన్నారు. అంతే నా జ్యూరీ."

గిరావీన్ నుంచి కూతురింటికి వచ్చిన వరంగల్ ఆవిడ ఒకరు ఆ రోజు మాతో నడిచింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మనం తీర్పు చెప్పుడేంది వదినా? ఒకని బతుకు మన చేతుల పెట్టుకునుడు పాపం గాదా? రేపు వాడు ఏం జెయ్యలేదని తెలిస్తే నిద్ర పడ్తదా నీకు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఒట్టినే కొట్టిపారేసే మాట కాదు. కాసేపు నడిచాక అన్నాను, "పాపమే కావచ్చు వదినా. మనం కూర్చోకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు కదా. ఇంకెవరో కూర్చుంటారు. ఆ ఇంకెవరో నిద్ర పట్టని మనిషైతేనే మంచిది. నాకెలాగూ నిద్ర తక్కువ."

అప్పుడు మా వెనక నడుస్తున్న పెద్దాయన ముందుకొచ్చాడు. ఆయన మా గుంపులో అన్నిటికీ ఒక ఉపాయం చెప్పే మనిషి. "అమ్మా, ఇంత చిన్నదానికి టెన్షన్ దేనికి? మంచి పట్టుచీర కట్టుకోండి. బొట్టు ఇంత పెద్దది పెట్టుకోండి. లాయర్లకి కొందరిని వద్దనే హక్కుంది. మిమ్మల్నిలా చూస్తాడు, 'చాలెంజ్' అంటాడు, లంచ్ టైమ్‌కి ఇంట్లో ఉంటారు. మా ఆవిడకి ఇదే టెక్నిక్ చెప్పా. వర్కవుట్ అయింది!"

"వద్దన్నప్పుడు వదిన గారికి బాధనిపించలేదా అన్నయ్య గారూ?"

"బాధా? అట్నుంచటే చీరల సేల్‌కి వెళ్ళింది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మాత్రం నవ్వు ఆగిపోయింది. నా చీర, నా బొట్టు చూపిస్తే చాలు, ఈవిడ వద్దు అంటారట. అది మావాళ్ళే కనిపెట్టి, మావాళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, రైల్లో సీటు దొరికే కిటుకు చెప్పుకున్నట్టు.

కోర్టుకి వెళ్ళే రోజు పొద్దున కోడలు గది తలుపు కొట్టింది. చేతిలో తన నల్ల ప్యాంటు, బూడిదరంగు స్వెట్టరు.

"అత్తయ్యా, కోప్పడకండి. మీరు నిజంగా సెలెక్ట్ అవ్వాలనుకుంటే ఇవి వేసుకోండి. బొట్టు కూడా చిన్న స్టిక్కర్ పెట్టుకోండి. కనపడీ కనపడనట్టు."

పాపం, నా మంచికే చెప్పింది. ఆ పిల్ల కూడా ఆఫీసుకి రోజూ అలాగే వెళ్తుంది. ఇంట్లో పెట్టుకునే బొట్టు కారెక్కాక అద్దంలో చూసుకుంటూ తీసేస్తుంది. నేను చాలాసార్లు చూశాను, ఎప్పుడూ ఏమీ అనలేదు.

"పెద్దాయన చెప్పినట్టు పట్టుచీరా కట్టుకోను, నువ్వు చెప్పినట్టు ప్యాంటూ వేసుకోను," అన్నాను. "రోజూ ఎలా ఉంటానో అలా వెళ్తాను. వద్దనుకుంటే నన్ను చూసే వద్దనమను."

మంగళగిరి నేత చీర, పైన ఊలు కోటు, కాళ్ళకి సాక్సు, బూట్లు. నుదుట కుంకుమ, రోజూ పెట్టుకునేంతే. ఈ కుంకుమకి ఒక కథ ఉంది. దాని వేళ వచ్చినప్పుడు చెప్తాను.

పారమట్టాలో కోర్టు గుమ్మం దగ్గర విమానాశ్రయంలోలాగే సంచులు మెషీన్లో పెట్టమన్నారు. యూనిఫాంలో ఉన్న ఆఫీసరు, మా అబ్బాయి వయసువాడే, నా హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ బరిణె తీసి మూత తిప్పాడు. బొటనవేలు ఎర్రగా అయింది. ఏమిటిది అన్నట్టు చూశాడు.

"ఫర్ మై ఫోర్‌హెడ్," అని నుదురు చూపించాను.

అతను తన వేలూ, నా నుదురూ మార్చి మార్చి చూసి, "ఫెయిర్ ఇనఫ్," అని బరిణె జాగ్రత్తగా మూసి ఇచ్చాడు. వేలు ప్యాంటుకి తుడుచుకోబోయి, ఆలోచించి, జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. చిన్న మర్యాదే. నేను మర్చిపోలేదు.

కింద పెద్ద హాలు. అన్ని రకాల జనం. కొందరు ఒళ్ళో కంప్యూటర్లు పెట్టుకున్నారు, కొందరు తలలు వాల్చి కునుకు తీస్తున్నారు. నా పక్కన ఇటుకలు పేర్చే పని చేసే ఆయన కూర్చున్నాడు. చేతులు చాటల్లా ఉన్నాయి. "పనంతా ఆగిపోయింది, మా కుర్రాళ్ళు గోడ వంకరగా కట్టేస్తారు," అని ఒకటే గొడవ. నా పనీ ఆగిపోయింది, మా అబ్బాయి జడ వంకరగా వేసేస్తాడు అని నేనన్నాను. పెద్దగా నవ్వాడు.

ఇక్కడ పేర్లు పిలవరు, నంబర్లే. మాలో కొంతమందిని పైన కోర్టు గదికి తీసుకెళ్ళారు. లోపలికి వెళ్తూ అందరూ జడ్జి వైపు తల వంచుతున్నారు. నా చేతులు వాటంతటవే కలిశాయి, నమస్కారం పెట్టాను. జడ్జి గారు, పెద్దావిడే, నాకూ అందరికిలాగే తల వంచింది. కూర్చోలేని కారణాలున్నవాళ్ళు చెప్పుకోండి అంది. ఒకరి వెనక ఒకరు లేచారు. ఒకరికి ఆపరేషను, ఒకరికి పాలు తాగే పిల్ల, ఒకరికి టిక్కెట్లు. నేను లేవలేదు.

ఒక పెట్టెలోంచి చీటీలు తీస్తూ నంబర్లు చదివారు. నాది చదివారు. వెళ్ళి, రెండు మెట్లెక్కి జ్యూరీ బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ కుర్చీ మెత్తగా ఉంది. అమ్మా, చూశావా, అనుకున్నాను.

తర్వాత ఒక్కొక్కరినే లేచి నిలబడమన్నారు. లాయర్లు చూస్తారు. ఏమీ అనకపోతే ఉండొచ్చు. నా వంతు వచ్చింది. లేచాను. ఒక లాయరు నన్ను తల నుంచి కాళ్ళ దాకా కూడా చూడలేదు. నుదుటి దగ్గరే ఆగాడు. అలాగే నాకనిపించింది.

"చాలెంజ్."

అంతే. ఎందుకో చెప్పక్కర్లేదట. అది వాళ్ళ హక్కట. నన్ను దిగి వెళ్ళమన్నారు. ఆ రెండు మెట్లు దిగుతుంటే అందరి కళ్ళూ వీపు మీదే ఉన్నట్టు అనిపించింది. నా తర్వాత ఒక కోటు వేసుకున్నాయన్ని కూడా అలాగే పంపించేశారు, నిజం చెప్పాలి కదా. కానీ ఆయన భుజాలెగరేసి ఈల వేసుకుంటూ పోయాడు. ఆయనకి కావలసింది అదే. నాకు కావలసింది అది కాదు.

కిందకి వచ్చాక ఆఫీసరమ్మ చెప్పింది, ఇంకో కేసుకి మధ్యాహ్నం మళ్ళీ తీస్తారు, అందాకా ఇక్కడే ఉండాలి అని. నేను బాత్‌రూములోకి వెళ్ళాను. అద్దంలో చూసుకున్నాను. కాగితం రుమాలు తీసి నీళ్ళలో తడిపాను.

అవును, తుడిచేద్దామనే. మధ్యాహ్నం మళ్ళీ వద్దంటారేమో. చిన్న చుక్క, ఒక్క రుద్దు. కోడలు చెప్పింది నిజమే కదా. కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుంటే చీర కూడా అంతగా కనపడదు. అక్కడ కూర్చోవడం ముఖ్యమా, బొట్టు ముఖ్యమా?

తడి రుమాలు నుదుటి దాకా వెళ్ళి ఆగింది.

ఇప్పుడు వచ్చింది ఆ కథ వేళ. మా ఆయన పోయినప్పుడు, పదో రోజున మా ఆయన వైపు పెద్దావిడ ఒకరు ఇలాగే తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. ఇంత దూరదేశంలో కూడా ఆవిడకి ఆ పద్ధతి గుర్తుంది. "కానియ్యమ్మా, ఆలస్యం చెయ్యకూడదు," అంది. ఇంటి నిండా జనం. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. "పిన్నీ, ఈ బొట్టు ఆయన పెట్టింది కాదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మా అమ్మ పెట్టింది. ఆయన ఇచ్చినవి ఆయనతో పోయాయి. ఇది నాది," అన్నాను. గుడ్డ ఆవిడ చేతిలోనే ఆరిపోయింది. కొందరు మా ఇంటికి రావడం మానేశారు. పేరంటాలకి పిలవడం మానేసినవాళ్ళూ ఉన్నారు. మానేస్తే మానేశారు. నేను రోజూ పొద్దున బరిణె మూత తిప్పడం మానలేదు.

అంతమంది చుట్టాలు చూస్తుండగా తియ్యని బొట్టు, పేరు కూడా తెలియని ఒక లాయరు కోసం తీస్తానా?

రుమాలు చెత్తబుట్టలో వేశాను. బ్యాగులోంచి బరిణె తీసి, ఉంగరపు వేలితో అద్దుకుని, ఉన్న బొట్టు మీదే మళ్ళీ పెట్టాను. పొద్దుటికన్నా పెద్దది. రూపాయి కాసంత. కోటు కూడా విప్పి చేతి మీద వేసుకున్నాను. చలేస్తే వేసింది. చూడండి ఇప్పుడు, అనుకున్నాను. ఈసారి కనపడలేదని ఎవరూ అనకూడదు.

చేతులు కడుక్కుంటున్న ఒక తెల్లావిడ అద్దంలోంచి అంతా చూసింది. "గుడ్ ఆన్ యూ, డార్ల్," అని మెచ్చుకుంది. ఆవిడకి ఏం అర్థమైందో నాకు తెలియదు. "థాంక్యూ," అన్నాను.

మధ్యాహ్నం ఇంకో గది, ఇంకో జడ్జి, వేరే లాయర్లు. మళ్ళీ పెట్టె, మళ్ళీ చీటీలు. నా నంబరు దాదాపు చివర్లో వచ్చింది. ఇటుకలాయన నాకన్నా ముందే లోపల కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. ఈసారి నేలచూపులు చూడలేదు. ముందు ఒక లాయరు కళ్ళలోకి, తర్వాత రెండో లాయరు కళ్ళలోకి సూటిగా చూశాను.

ఎవరూ ఏమీ అనలేదు.

ఉండమన్నారు. ఎందుకు వద్దన్నారో పొద్దున చెప్పలేదు, ఎందుకు ఉండమన్నారో మధ్యాహ్నమూ చెప్పలేదు. బొట్టు చూసే వద్దన్నాడో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. తుడుచుకుని వెళ్ళి కూర్చుని ఉంటే, ఆ కుర్చీలో కూర్చున్నది నేను కాదు.

ఇంక ప్రమాణం మిగిలింది. దేవుడి మీదా, లేక మామూలు మాట ఇవ్వడమా అని అడిగారు. దేవుడి మీద అయితే ఏ మతంవాళ్ళ పుస్తకం వాళ్ళకి ఇస్తారట. నాకు అమ్మ చెయ్యి వీపు మీద పడ్డట్టే అయింది. "నో గాడ్. మై వర్డ్," అన్నాను. దేవుణ్ణి నమ్మక కాదు. ఆయన్ని సాక్షిగా లాగితే గానీ నా మాట నిలబడదా? నిజమైన తీర్పు చెప్తాననీ, గది లోపల మాట్లాడుకున్నది బయటికి తేననీ మాట ఇచ్చాను. అమ్మ కట్టుబాటు ఒకటి దాటాను, కోర్టు మెట్లెక్కాను. రెండోది నిలబెట్టాను.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే మా అబ్బాయి సోఫాలో కూలబడ్డాడు. "సెలెక్ట్ అయ్యావా? నిజంగానా? ఎన్ని రోజులు?"

"ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

"మరి స్కూల్ పికప్?"

"మీ ప్రాజెక్టుకి చెప్పు, ఇంట్లో ఇంకో ప్రాజెక్టు వచ్చిందని."

బాత్‌రూములో సంగతి మాత్రం కోడలికొక్కదానికే చెప్పాను. మర్నాడు పొద్దున చూస్తే నా నేత చీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది. ఆ పిల్ల కారెక్కి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. అద్దంలో చూసుకుంది, చెయ్యి పైకెత్తింది, మళ్ళీ దించేసింది. బొట్టుతోనే వెళ్ళింది. మర్నాడు పెట్టుకుందో లేదో నేను చూడలేదు. అది తన ఇష్టం.

రోజులు గడిచాయి. మా అబ్బాయి జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. ఒక జడ చెవి పైన, ఒక జడ చెవి కింద. మనవరాలు బడిలో ఎవరడిగినా, "మై డాడ్ డిడ్ ఇట్, మై నానమ్మా ఈజ్ బాసింగ్ ద జడ్జ్," అని చెప్పిందట. నేను రోజూ డబ్బాలో పెరుగన్నం, ఆవకాయ ముక్క పట్టుకెళ్ళి మధ్యాహ్నం నది ఒడ్డున బెంచీ మీద తినేదాన్ని. ఇటుకలాయన ఒకరోజు మాంసం కూరిన తన రొట్టె పట్టుకుని పక్కన కూర్చుని, ఆ ఎర్రముక్క ఏమిటన్నాడు. వద్దు నాయనా అంటున్నా వినకుండా నోట్లో వేసుకున్నాడు. ముఖం ఇటుక రంగు అయింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఇంకో ముక్కుందా అని అడిగాడు.

అర్థం కాని మాటలు లేవా అంటే ఉన్నాయి. అర్థం కాకపోతే చీటీ రాసి పంపండి, సిగ్గుపడకండి అని జడ్జి గారు మొదటి రోజే మా అందరికీ చెప్పారు. అడగడానికి నేనెప్పుడు సిగ్గుపడ్డాను? అడిగాను. వాళ్ళు విడమరిచి చెప్పారు. ఇంగ్లీషు రాదని మా అబ్బాయి పెట్టబోయిన సాకు ఒక చిన్న చీటీతో తీరిపోయేదే.

చివరికి మా పన్నెండుమందినీ ఆ గదిలోకి పంపి తలుపు మూశారు. ఇదిగో, గుమ్మం దాకా వచ్చేశాం. ఇక్కడ ఆగండి.

తీర్పు అయిపోయిన వారం వాకింగ్‌కి వెళ్తే అందరూ నా చుట్టూ మూగారు. ఇన్ని కథలు చెప్పే మనిషిని, పుట్టిన పిల్లల నక్షత్రాలతో సహా గుర్తుంచుకునే మనిషిని, ఎన్ని విశేషాలు మోసుకొచ్చానో అని.

పెద్దాయనకి ఆత్రం ఆగలేదు. "లోపల ఏం గొడవ జరిగిందమ్మా? ఎవరెటు అన్నారు? మాకు చెప్తే ఎవరికి తెలుస్తుంది?"

"చెప్పను."

"మేమేమన్నా పరాయివాళ్ళమా!"

"పరాయివాళ్ళు కాదు కాబట్టే చెప్పను. మాట ఇచ్చాను అన్నయ్య గారూ. మా ఊళ్ళో ఒకాయన ఇడ్లీ, కాఫీకి మాట అమ్ముకునేవాడు. మీరు నాకు కాఫీ కూడా ఇప్పించలేదు."

అందరూ పగలబడి నవ్వారు. వరంగల్ ఆవిడ కూతురింట్లోనే ఉంది ఇంకా. ఆవిడొక్కతే నవ్వకుండా నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. "నిద్ర పడ్తున్నదా వదినా?"

"కొన్ని రోజులు పట్టలేదు," అన్నాను. "ఇప్పుడు పడుతోంది." ఆవిడ తలూపి నా చెయ్యి పట్టుకుంది.

మా అబ్బాయి కూడా ఒకరోజు వంటింట్లోకి వచ్చి అటూ ఇటూ తిరిగి, "కనీసం నాకైనా చెప్పవా అమ్మా?" అన్నాడు.

"నిన్ను మళ్ళీ పిలుస్తారు. ఈసారి ఆఫీసు ఉత్తరం ఇప్పించకు. వెళ్ళు. ఆ గదిలో ఏముంటుందో నీకే తెలుస్తుంది. వచ్చాక నువ్వు నాకు చెప్పకు, నేను నీకు చెప్పను. ఇద్దరం కాఫీ తాగుదాం."

వాడు నవ్వలేదు. నా నుదుటి వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "నీకు ఇంగ్లీష్ రాదని పెట్టబోయాను కదమ్మా," అన్నాడు.

"పెట్టనివ్వలేదు కదా," అన్నాను.

అదీ సంగతి. నా దగ్గర ఎన్ని కథలున్నాయో మీకు తెలుసు. అన్నీ అడిగినవాళ్ళకల్లా చెప్పాను. ఇదొక్కటి నాతోనే ఉంటుంది. చెప్పడం చేతకాక కాదు, ప్రతి మాటా గుర్తుంది, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో కూడా గుర్తుంది. చెప్పనంటే చెప్పను.

లేస్తున్నారా? ఆ గ్లాసు అక్కడే ఉండనివ్వండి, నేను తీస్తాను. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్లలు ఏ అద్దం ముందూ తమని తాము తుడుచుకోవలసిన అవసరం రాకూడదు. మీ ఇంట్లో ఇచ్చిన మాట ఇచ్చినట్టే నిలబడాలి. మిమ్మల్ని ఎవరైనా పిలిచి కూర్చోమంటే, మీరు మీలాగే వెళ్ళి, నడుం నిటారుగా పెట్టి కూర్చోవాలి. పదికాలాలపాటు పిల్లాపాపలతో చల్లగా ఉండండి.